పిల్లలు పేర్లు ఎంత త్వరగా చెప్పగలుగుతున్నారు? చదవడంలో ఇబ్బందిని ముందే గుర్తించడానికి ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష

మూడో తరగతి పిల్లాడు. అక్షరాలన్నీ వచ్చు. ఏ అక్షరం చూపించినా పేరు సరిగ్గానే చెబుతాడు. కానీ ఒక పేరా చదవమంటే ప్రతి మాట దగ్గరా ఆగుతాడు, లైను చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో గుర్తుండదు. నోటితో అడిగితే జవాబులన్నీ చెప్పేవాడు పరీక్షలో సగం పేపరు వదిలేసి వస్తాడు. బెంగళూరులో మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి పిల్లల గురించి వినిపించే మాట దాదాపు ఒకటే: "తెలివుంది గానీ శ్రద్ధ లేదు." ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, పైన కన్నడ, హిందీ కూడా ఉండటంతో, ఇన్ని భాషల మధ్య కాస్త వెనకబడ్డాడులే అని కొన్నాళ్ళు, ఫోన్ తగ్గిస్తే అదే సర్దుకుంటుందని కొన్నాళ్ళు గడిచిపోతాయి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలతో పని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ గడిచిపోయిన కాలమే పిల్లలకి ఎక్కువ నష్టం చేస్తుంది.

ఆ కాలాన్ని కొంత కాపాడుకోవడానికి పనికొచ్చే ఒక చిన్న పరీక్ష ఉంది. కాగితం, స్కెచ్ పెన్నులు, ఫోను ఉంటే చాలు. పిల్లలకి బాగా తెలిసిన ఐదు వస్తువుల్ని వరుసల్లో పేర్చి, వాటి పేర్లు గబగబా చెప్పమని, ఎంతసేపు పట్టిందో చూడటమే పరీక్ష.

దీని వెనక పెద్ద కథే ఉంది. అమెరికాలో నార్మన్ గెష్విండ్ అనే నరాల వైద్యుడు 1960ల్లో ఒక ఆలోచన చెప్పారు: అక్షరాలు రాని చిన్నపిల్లలు రంగుల పేర్లు చెప్పే తీరుని బట్టి, వాళ్ళు చదువు నేర్చుకోవడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో తెలియవచ్చు అని. మార్తా డెంక్లా, రీటా రూడెల్ అనే పరిశోధకులు 1970ల్లో దాన్ని పరీక్షగా మలిచారు. 1976లో వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో, డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లలు ఈ పనిలో మిగతా పిల్లల కంటే నెమ్మదిగా ఉన్నారని తేలింది. వాళ్ళకి పేర్లు తెలుసు. ఆ పేరు నోటికి రావడానికి మాత్రం సమయం ఎక్కువ పట్టింది.

ఎందుకలా? వరుసగా పేర్లు చెప్పేటప్పుడు కన్ను ఒక బొమ్మని చూస్తుంది, మెదడు దాన్ని గుర్తుపట్టి పేరు వెతుకుతుంది, నోరు ఆ పేరు పలుకుతుండగానే కన్ను తర్వాతి బొమ్మ మీదికి వెళ్ళిపోతుంది. చదివేటప్పుడు జరిగేదీ ఇదే. అందుకే బొమ్మల్ని ఒక్కొక్కటిగా చూపించి అడిగితే బయటపడని నెమ్మది, వరుసగా చెప్పించినప్పుడు బయటపడుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఇంట్లో చేసే ఈ పరీక్షతో మీ పిల్లకి డిస్‌లెక్సియా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నిపుణుల దగ్గరికి ఇప్పుడే వెళ్ళాలా, ఇంకొన్నాళ్ళు చూడవచ్చా అన్నది తేల్చుకోవడానికే ఇది.

ఏ భాషలో చెప్పించాలి?

కాగితం తయారు చేసే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. మన బెంగళూరు పిల్లల దగ్గర అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్ళిలోనో పెరుగుతున్న తెలుగు పిల్లని రంగులు అడిగి చూడండి. రెడ్, బ్లూ, గ్రీన్ అంటుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని చెప్పమంటే ఆలోచిస్తుంది. అదే పిల్ల పిల్లి, చేప, ఆకు అనే మాటల్ని తెలుగులోనే ముందు అంటుంది. అంకెలు దాదాపు అందరూ ఇంగ్లీషులోనే లెక్కపెడతారు. అంటే ఒకే పిల్లకి రంగులు ఒక భాషలో, బొమ్మలు ఇంకో భాషలో వేగంగా రావచ్చు. మీరు "తెలుగులోనే చెప్పు" అని పట్టుబడితే ఆ నెమ్మది భాష వల్ల వచ్చింది, చదువుకి దానితో సంబంధం లేదు.

కాబట్టి ముందు రోజు మాటల మధ్యలో గమనించండి. ఏ వస్తువుని ఏ భాషలో ఆలోచించకుండా అంటోందో, ఆ కాగితానికి ఆ భాషే పెట్టండి. ఒక కాగితంలో మాత్రం రెండు భాషలు కలపొద్దు. ఇంట్లో కన్నడ స్నేహితులతో ఆడుకుని ఆడుకుని కన్నడ మాటే ముందు వచ్చే పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి కన్నడలోనే చేయించండి, తప్పేం లేదు.

భాష మారితే సమయం కూడా మారుతుంది. 1, 2, 4, 5, 8 అనే అంకెల్ని ఇంగ్లీషులో చెబితే ఒక్కోటి ఒక్క పలుకు, అంటే ఒకే ఊపులో నోటికొచ్చే ముక్క. తెలుగులో ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఎనిమిది కలిపితే 14 పలుకులు. ఒక్కో అంకె పదిసార్లు వచ్చే కాగితంలో ఇంగ్లీషులో 50 పలుకులైతే, తెలుగులో 140. నోరు తిరగడానికే ఎక్కువసేపు కావాలి. అందుకే ఇంగ్లీషు పిల్లల కోసం ఎక్కడో తయారైన పట్టికలోని సెకన్లని తెచ్చి తెలుగులో చెప్పిన పిల్ల పక్కన పెట్టకూడదు. ఈ పోలిక చేసి రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులు ఉన్నారు.

కాగితం తయారీ

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. ఐదు వరుసలు, వరుసకి పది చొప్పున మొత్తం 50 గళ్ళు. వస్తువులు ఐదే. ప్రతి వస్తువూ ప్రతి వరుసలో రెండేసి సార్లు వస్తుంది. ఒకే వస్తువు పక్కపక్కన రాకూడదు. ఒక వరుస ఏ వస్తువుతో ముగిసిందో తర్వాతి వరుస దానితో మొదలవకూడదు. అంకెలకి ఇలా రాసుకోవచ్చు:

2 5 1 8 4 1 5 8 2 4
8 1 4 2 5 8 4 1 2 5
1 4 8 5 2 4 1 2 5 8
4 2 1 5 8 2 4 8 5 1
5 8 2 4 1 8 5 2 1 4

ఇదే క్రమంలో అంకెల బదులు బొమ్మలు పెడితే బొమ్మల కాగితం, రంగులు వేస్తే రంగుల కాగితం, అక్షరాలు పెడితే అక్షరాల కాగితం తయారవుతాయి.

బొమ్మలు తెలుగులో అయితే ఆకు, చేప, పిల్లి, బంతి, కన్ను బాగుంటాయి. అన్నీ రెండక్షరాల మాటలే, వినడానికి ఒకదానితో ఒకటి కలవవు. పిల్లి, ఇల్లు రెండూ పెడితే నోరు తడబడుతుంది. ఇంగ్లీషులో అయితే బస్, కీ, కప్, ఫిష్, స్టార్ వేయండి. కాకి లాంటివి వద్దు, సగం మంది పిల్లలు పిట్ట అంటారు, బర్డ్ అంటారు. బొమ్మలకి రంగులు వేయకుండా నల్ల గీతలతోనే ఉంచండి.

తెలుగు అక్షరాలకి ల, గ, మ, ట, జ తీసుకోండి. ఈ ఐదూ కన్నడ లిపిలో కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. అందుకని ఇంట్లో తెలుగు నేర్చిన పిల్లకైనా, స్కూల్లో కన్నడ నేర్చిన పిల్లకైనా ఒకే కాగితం సరిపోతుంది. బ, భ లాంటివి, ద, ధ, థ లాంటివి ఒకే కాగితంలో పెట్టొద్దు. ఇంగ్లీషు అక్షరాల్లోనూ చిన్న బి, చిన్న డి కలిపి పెట్టకండి. అవి తికమక పడే అక్షరాలు. ఆ తికమకని విడిగా చూడాలి, వేగంతో కలపకూడదు.

యూకేజీ, ఒకటో తరగతి పిల్లలకి బొమ్మలు, రంగులు చాలు. అంకెలు, అక్షరాలు గట్టిగా వచ్చాకే ఆ కాగితాలు ఇవ్వండి. రాని అక్షరం దగ్గర ఆగితే అది వేగం లోపం అవదు. ఐదేళ్ళలోపు పిల్లలకి నేనైతే ఈ పరీక్ష చేయించను.

చేయించే తీరు

స్కూలు బస్సు దిగి వచ్చిన సాయంత్రం వద్దు. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు కూర్చుని వచ్చిన పిల్ల ఏ పనైనా నెమ్మదిగానే చేస్తుంది. ఆదివారం పొద్దున టిఫిన్ తిన్నాక, టీవీ ఆపేసి, తమ్ముడినో చెల్లినో వేరే గదిలోకి పంపి కూర్చోండి. కళ్ళజోడు ఉంటే పెట్టించండి.

ముందుగా ఐదు వస్తువుల్నీ విడిగా చూపించి "ఇదేంటి?" అని అడగండి. ఐదింటికీ వెంటనే సరైన పేరు చెబితేనే ముందుకి వెళ్ళండి. ఒక్కదాని దగ్గర ఆలోచించినా ఆ వస్తువు మార్చి కొత్త కాగితం వేయండి. ఆ తర్వాత వేరే చీటీ మీద ఒక వరుస రాసి అలవాటు చేయించండి, ఎడమ నుంచి కుడికి, ఒక వరుస అయ్యాక కిందిది అని.

తర్వాత ఇలా చెప్పండి: "నాన్నా, ఇక్కడ మొదలుపెట్టి చివరిదాకా వీటి పేర్లు చెప్పు. ఎంత త్వరగా చెప్పగలిగితే అంత త్వరగా, కానీ తప్పు పోకుండా. మధ్యలో ఆగొద్దు." పరీక్ష అనే మాట వాడొద్దు. మార్కుల సంగతి ఎత్తొద్దు. పక్కింటి పాప పేరు అసలే వద్దు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పిల్ల ముందు కూర్చోవడం కంటే, మాటల్ని రికార్డు చేయడం నయం. ఫోను బోర్లా పెట్టేయండి. మొదటి పేరు మొదలైన క్షణం నుంచి చివరి పేరు పూర్తయ్యే దాకా ఎన్ని సెకన్లో తర్వాత విని లెక్కపెట్టుకోవచ్చు. పరీక్ష జరుగుతున్నంతసేపూ మీ కళ్ళు పిల్ల మీదే ఉండాలి. ఎక్కడ ఆగింది, వేలు పెట్టుకుని చెబుతోందా, వరుస మారేటప్పుడు తప్పిపోయిందా, కాళ్ళు ఊపుతోందా, మీ మొహం వైపు చూస్తోందా. సెకన్ల కంటే ఇవే ఒక్కోసారి ఎక్కువ చెబుతాయి.

మధ్యలో తప్పు చెబితే దిద్దొద్దు. వరుస తప్పితే మాటాడకుండా వేలితో సరైన చోటు చూపించండి, సమయం మాత్రం ఆపకండి. అయిపోయాక "బాగా చెప్పావు" అనేసి కాసేపు ఆడుకోనివ్వండి. పది నిమిషాల తర్వాత చివరి గడి నుంచి మొదటి గడి దాకా వెనక్కి తిప్పి రాసిన రెండో కాగితం ఇవ్వండి. రెండు సమయాల సగటు తీసుకోండి. రెండిటి మధ్య చాలా తేడా ఉంటే మొదటిసారి టెన్షన్ పడి ఉండవచ్చు. ఆ రోజు లెక్క పక్కన పెట్టి ఇంకో వారం చేయించండి.

నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి: తేదీ, పిల్ల వయసు ఏళ్ళు నెలలతో సహా, ఏ కాగితం, ఏ భాష, మొత్తం సెకన్లు, తప్పులు, చెప్పి తనంతట తాను దిద్దుకున్నవి, పెద్దగా ఆగిన చోట్లు. వీలైతే ఒక్కో వరుసకి విడిగా ఎన్ని సెకన్లో కూడా. మొదటి రెండు వరుసలు చకచకా చెప్పి తర్వాత జారిపోయే పిల్లకీ, మొదటి నుంచి ఒకే నెమ్మదితో సాగే పిల్లకీ కావలసిన సాయం వేరువేరు. మొదటి పిల్ల విషయంలో ఏకాగ్రత గురించి కూడా ఆలోచించాలి.

ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

50ని సెకన్లతో భాగిస్తే సెకనుకి ఎన్ని పేర్లో వస్తుంది. లెక్క తెలియడానికి మాత్రమే ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు మూడో తరగతి పిల్లలు బొమ్మల కాగితానికి చెరి 62 సెకన్లు తీసుకున్నారు, అంటే సెకనుకి 0.8. అంకెల కాగితం మొదటి పిల్ల 36 సెకన్లలో ముగించింది, సెకనుకి 1.4. రెండో పిల్లకి 58 సెకన్లు పట్టింది, సెకనుకి 0.86. బొమ్మల్లో ఇద్దరూ ఒకటే అయినా నేను రెండో పిల్ల గురించే ఆలోచిస్తాను.

కారణం ఇది. బడికి వెళ్ళక ముందు పిల్లలకి బొమ్మలు, రంగులే సులువు. అంకెలు, అక్షరాలు రోజూ చూసి చూసి అలవాటయ్యాక అవి బొమ్మల్ని దాటి వేగంగా వస్తాయి. పెద్దవాళ్ళలో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంటుంది. రెండు మూడేళ్ళుగా రోజూ చూస్తున్న అంకెలు కూడా బొమ్మలంత నెమ్మదిగానే వస్తున్నాయంటే ఆ అలవాటు ఇంకా కుదరలేదన్నమాట. ఇంట్లో ఒక్కరే పిల్ల ఉన్నవాళ్ళకి, పోల్చుకోవడానికి ఎవరూ లేనివాళ్ళకి ఈ గుర్తు బాగా ఉపయోగపడుతుంది. ట్యూషన్ చెప్పేవాళ్ళయితే ఒకే తరగతి పిల్లలందరికీ ఒకే కాగితం, ఒకే భాషలో ఇచ్చి, మిగతావాళ్ళ కంటే బాగా వెనకబడినవాళ్ళని గమనించవచ్చు. ఆ జాబితా గోడ మీద పెట్టకండి, పిల్లల ముందు చదవకండి.

తెలుగు, కన్నడ అక్షరాల విషయంలో తొందరపడొద్దని ఇంకో మాట. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే మన లిపుల్లో పిల్లలు నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. సోనాలీ నాగ్ కర్ణాటకలో కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన, ఈ నేర్చుకోవడం మొదటి ఒకటి రెండేళ్ళలో ముగియదని, ప్రాథమిక తరగతుల పొడవునా సాగుతుందని చూపించింది. ఇంగ్లీషు 26 అక్షరాలతో పోల్చి, రెండో తరగతిలో ఒత్తులు రాలేదని కంగారు పడకండి.

వేగం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. దీంతోపాటు రెండు చిన్న పనులు చేయించండి. ఒకటి, మాటల్లో శబ్దాల్ని విడదీయడం. "పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?" "లక." "కమలలో క తీసేస్తే?" "మల." ఇంకోటి, తరగతికి తగిన, ఇంతకుముందు చూడని పేరాని ఒక నిమిషం చదివించి సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టడం. మేరియాన్ వుల్ఫ్, ప్యాట్రీషియా బవర్స్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన ప్రకారం కొందరికి శబ్దాల్ని విడదీయడంలో ఇబ్బంది, కొందరికి పేర్ల వేగంలో ఇబ్బంది, కొందరికి రెండూ ఉంటాయి. రెండూ ఉన్న పిల్లలకే చదవడం అన్నిటికంటే కష్టమవుతుంది. శబ్దాలు బాగా వచ్చి వేగం మాత్రమే తగ్గిన పిల్లలే ఎక్కువగా ఎవరి కంటా పడకుండా మిగిలిపోతారు. తప్పులు లేకుండా చదువుతారు కదా, ఎవరికీ అనుమానం రాదు.

నెమ్మదికి వేరే కారణాలూ ఉండవచ్చు. నత్తి ఉంటే సమయం పెరుగుతుంది, దానికీ చదువుకీ ముడి పెట్టొద్దు. రంగుల కాగితంలోనే తడబడితే, ముఖ్యంగా మగపిల్లాడైతే, రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో కంటి డాక్టరుకి చూపించండి. వినికిడి, చూపు రెండూ ఏ పిల్లకైనా ముందు పరీక్ష చేయించాల్సిందే.

తర్వాత ఏం చేయాలి?

ఈ కాగితాలనే రోజూ చదివించి వేగం పెంచాలని చూడకండి. నా మనవి ఇది. పిల్ల ఆ ఐదు బొమ్మల పేర్లు వేగంగా చెప్పడం నేర్చుకుంటుంది, పుస్తకం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూసుకోవడానికి కూడా ఆ కాగితం పనికి రాకుండా పోతుంది.

శ్రమంతా పుస్తకం మీద పెట్టండి. పిల్లకి కాస్త సులువైన, వంద మాటల లోపు పేరా ఒకటి తీసుకుని ముందు మీరు చదివి వినిపించండి. తర్వాత ఇద్దరూ కలిసి చదవండి. తర్వాత పిల్ల ఒక్కతే. మర్నాడు మళ్ళీ అదే పేరా, ఆ మర్నాడు కూడా. ఒకే పేరా మళ్ళీ మళ్ళీ చదివే ఈ పద్ధతి చదువు వేగానికి మేలు చేస్తుందని చాలా కాలంగా తెలిసినదే. రోజుకి పావుగంట చాలు, ఏడుపు మొదలైతే ఆపేయండి. క్లాస్ టీచరుతో కూడా మాట్లాడండి. "మా వాడు వీక్" అని మొదలుపెట్టకుండా, "జవాబులు తెలుసు మేడమ్, చదవడానికి సమయం ఎక్కువ పడుతోంది, అందరి ముందు గట్టిగా చదివించకుండా కొన్నాళ్ళు చూస్తారా?" అని అడగండి.

పేర్ల వేగం, చదువు వేగం రెండూ తక్కువగా ఉండి, ఆరు నెలల సాయం తర్వాత కూడా పెద్దగా మార్పు లేకపోతే నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటి ఇబ్బంది ఉండి ఉంటే ఆ ఆరు నెలలు కూడా ఆగొద్దు. బెంగళూరులో నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. చదువు ఇబ్బందుల్ని తేల్చడానికి నిమ్హాన్స్ తయారు చేసిన పరీక్షలనే 2018లో కేంద్రం వైకల్య సర్టిఫికెట్ల మార్గదర్శకాల్లో పెట్టింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారు చేసిన డాలి అనే పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది, కన్నడ మీడియం పిల్లలకి దాని గురించి అడగవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఈ ఇబ్బందికి గుర్తింపు ఉంది. సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. సాయం మొదలుపెట్టడానికి మాత్రం ఆ వయసు దాకా ఆగనక్కర్లేదు. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో మూడు గంటల పేపరుకి ఒక గంట అదనంగా దొరుకుతుంది. పేర్లు నెమ్మదిగా వచ్చే పిల్లకి ఆ గంట చాలా పెద్ద సాయం.

వెళ్ళేటప్పుడు మీ నోట్‌బుక్, ఆ రికార్డులు, స్కూలు నోట్సులు రెండు మూడు, కంటి, చెవి పరీక్షల కాగితాలు తీసుకెళ్ళండి. ఇంట్లో ఏ భాష, ఏ వయసులో ఏ లిపి మొదలైంది, మధ్యలో ఊరు గానీ స్కూలు గానీ మారారా అన్నది ఒక పేజీలో రాసివ్వండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏ భాషలో పరీక్షిస్తారో అడగండి. పిల్లకి ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాకపోతే, తెలుగు తెలిసినవాళ్ళు దగ్గరుంటారా అని కూడా అప్పుడే కనుక్కోండి.